ఓకే, సరే, పర్వాలేదు

ఇంగ్లీషు మాటల్లో ప్రపంచమంతా తిరిగినది 'ఓకే'. ఇప్పుడది సమాధానంగా, క్రియగా, నామవాచకంగా కూడా పనిచేస్తోంది గానీ పుట్టింది విశేషణంగానే. 1839 మార్చి 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రిక ఒక చిన్న హాస్య వార్తలో ఓ, కె అనే రెండక్షరాలు వేసి, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని అర్థం చెప్పింది. అంతా సరిగ్గా ఉంది అని భావం. ఆల్ కరెక్ట్‌కు మొదటి అక్షరాలు ఏ, సీ కదా, ఓ, కె ఎలా వచ్చాయన్న సందేహం న్యాయమైనదే. ఆ రోజుల్లో బోస్టన్ పత్రికల వాళ్లకు ఒక సరదా ఉండేది. మాటల్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో ఊహించుకుని, ఆ తప్పు స్పెల్లింగులోని మొదటి అక్షరాలతో పొడిమాటలు కట్టేవారు. 'ఆల్ రైట్'కు ఓ.డబ్ల్యు. అనేవారు, 'నో గో'కు కె.జి. అనేవారు. 'ఆల్ కరెక్ట్'ను 'ఓల్ కొరెక్ట్' చేసి ఓ.కె. అన్నారు.

ఆ పొడిమాటల్లో తక్కినవన్నీ కొద్ది ఏళ్లలోనే మాయమయ్యాయి. ఓకే ఒక్కటే నిలవడానికి కారణం మరుసటి ఏడు వచ్చిన ఎన్నికలు. 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీకి దిగాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ను 'ఓల్డ్ కిండర్‌హుక్' అని పిలుచుకునేవారు. ఆ పేరులోనూ మొదటి అక్షరాలు ఓ, కె. న్యూయార్క్‌లో ఆయన పక్షం వాళ్లు ఓ.కె. క్లబ్బు పెట్టారు. మా మనిషి ఓకే, అంటే అన్నివిధాలా సరైనవాడు అన్న నినాదం ఊరూరా వినిపించింది. ప్రత్యర్థులు ఊరుకోలేదు. అంతకుముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగు రాదనీ, కాగితాల మీద 'ఆల్ కరెక్ట్' అని రాయబోయి ఓ.కె. అని రాసేవాడనీ ప్రచారం చేశారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. మాట మాత్రం దేశమంతా పాకింది. ఆ తరువాత టెలిగ్రాఫ్ వచ్చి దానికి పక్కా ఉద్యోగం ఇచ్చింది. తీగ మీద వచ్చిన సందేశం సక్రమంగా అందింది అని తిరిగి చెప్పడానికి రెండక్షరాలకు మించిన సౌకర్యం ఇంకేముంటుంది?

ఈ చరిత్ర చాలాకాలం మరుగునే ఉంది. గ్రీకు మాటనీ, స్కాట్లండ్ మాటనీ, పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి మాటనీ రకరకాల ఊహలు నడిచాయి. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఇది చొక్టా ఆదివాసుల మాట అని నమ్మి, కాగితాల మీద తన ఆమోదాన్ని 'ఓకె' చివర హెచ్ చేర్చి రాసేవాడు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు వెతికి, 1963, 1964లలో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో వరసగా వ్యాసాలు ప్రకటించాక గానీ బోస్టన్ కథ స్థిరపడలేదు.

పుట్టుక కన్నా ఆసక్తికరమైనది ఆ తరువాతి అర్థయాత్ర. మొదట్లో ఓకే అంటే లోపం లేనిది, పూర్తిగా సరైనది. ఆ తరువాత 'బాగానే ఉంది' అన్న మెట్టుకు దిగింది. ఇరవయ్యో శతాబ్దానికి ఇంకో మెట్టు దిగి, 'అభ్యంతరం చెప్పేంత చెడ్డగా లేదు' అన్న చోట నిలబడింది. ఇంగ్లీషులో ఒక భోజనాన్ని ఓకే అంటే వండినవారు సంతోషించరు. గాయపడిన మనిషిని ఓకేనా అని అడిగితే ఆరోగ్యంగా ఉన్నావా అని కాదు, ప్రమాదమేమీ లేదు కదా అని. మెచ్చుకోలు పోయింది, అభ్యంతరం లేకపోవడం మిగిలింది. నూటికి నూరు మార్కులతో మొదలైన మాట పాసు మార్కుల దగ్గర ఆగింది.

ఈ దిగుడు ఓకే ఒక్కదానికే పట్టలేదు. ఒప్పుకోలును చెప్పే ఇంగ్లీషు విశేషణాల్లో పెద్దమనిషి లాంటి మాట 'ఆక్సెప్టబుల్'. లాటిన్ మూలం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఈ మాటకు పాత ఇంగ్లీషు రచనల్లో 'సంతోషంగా చేతులు చాచి అందుకోదగినది', 'ప్రీతి కలిగించేది' అన్న నిండు అర్థం ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో దేవుడికి ఆక్సెప్టబుల్ అంటే దేవుడికి ఇష్టమైనది. ఈనాడు ఒక కంపెనీ సరుకు నాణ్యతను ఆక్సెప్టబుల్ అంటే తిప్పి పంపాల్సిన అవసరం లేదని మాత్రమే. ఆ పాత అర్థానికి తెలుగులోనే ఒక సాక్ష్యం ఉంది. లూకా సువార్తలో ఇంగ్లీషు వారు 'ఆక్సెప్టబుల్ ఇయర్' అన్నచోట తెలుగు బైబిలు 'హితవత్సరము' అంది. అంగీకరించదగిన సంవత్సరం అని మాటకు మాట పెట్టి ఉంటే అర్థం చచ్చిపోయేది. హితం అన్న మాట పెట్టి అనువాదకులు ఆ విశేషణంలోని తీపిని కాపాడారు. ఇంగ్లీషు మాటలో ఆ తీపి తరువాత తగ్గిపోయింది, తెలుగు మాటలో ఉండిపోయింది.

ఓకే తెలుగులోకి వచ్చేసరికి రెండు చోట్ల రెండు రకాలుగా స్థిరపడింది. విశేషణంగా వాడినప్పుడు ఇంగ్లీషులో లాగే దాని బరువు తక్కువ. "సినిమా ఎట్లుంది?" అని అడిగితే "ఓకే" అని జవాబొస్తే టికెట్టు కొనడానికి ఆలోచించాల్సిందే. కానీ 'అవు', 'చేయు' అనే తెలుగు క్రియలు పక్కన చేరగానే అదే మాటకు 1839 నాటి బలం తిరిగొస్తుంది. "సంబంధం ఓకే అయింది" అంటే ఇక వేరే చోట చూడనక్కర్లేదు, ముహూర్తం పెట్టుకోవడమే మిగిలింది. "లోన్ ఓకే చేసినారు" అంటే సంతకాలు పడ్డాయి. సినిమా షూటింగులో "షాట్ ఓకే" అంటే నటనా, వెలుతురూ, శబ్దమూ అన్నీ కుదిరాయని, ఇక మళ్లీ తీయక్కర్లేదని. 'అంతా సరిగ్గా ఉంది' అన్న పుట్టుకర్థం ఇంతకన్నా చక్కగా నిలిచిన చోటు ఇంకొకటి చూపడం కష్టం. తెలుగు వ్యాకరణం ఒక అరువు మాటకు రెండు వేర్వేరు జీవితాలను ఇచ్చిందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఓకే వచ్చేనాటికి తెలుగులో ఆ చోటు ఖాళీగా ఏమీ లేదు. దానికి ఎదురుపడిన మాట 'సరే'. ఈ రెండు మాటల చెలిమిని గమనించడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం కన్నా అనువైన చోటు దొరకదు. ఈ మూడు ఊళ్లూ ఉన్న పడమటి చిత్తూరు సీమలో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ పక్కపక్కనే బతుకుతున్నాయి. పుంగనూరు దాటి పడమటికి పోతే కర్ణాటకలోని కోలారు జిల్లా. కుప్పం మరీ విశేషం. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు ఆ ఊరిని ఆనుకునే ఉన్నాయి. ఈ కలయికను చూసే 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పారు. కుప్పం స్టేషనులో బెంగళూరు రైలెక్కే పనివాళ్లు పొద్దున ఇంట్లో తెలుగు, దారిలో తమిళం, పనిలో కన్నడం మాట్లాడటం అక్కడ వింతేమీ కాదు. మూడు భాషల్లోనూ ఆ మనిషి ఒప్పుకోలుకు వాడే మాట ఇంచుమించు ఒకటే. తెలుగులో సరే, కన్నడంలో సరి, తమిళంలో సరి. గౌరవం చూపాలంటే తమిళంలో 'సరింగ'. చనువుంటే తమిళంలో 'సరిప్పా', ఈ సీమ తెలుగులో 'సరేప్పా', 'సరేలేబ్బా'. మలయాళంలోకి పోయినా 'శరి'.

సరి అనే మాటకు మొదటి అర్థం ఒప్పుకోవడం కాదు, సమానం. సరి బేసి ఆటలోని సరి, సరిజోడులోని సరి అదే. 2020లో వచ్చిన సినిమా పేరు 'సరిలేరు నీకెవ్వరు'లో సరి అంటే సాటి. తక్కెడలో రెండు పళ్లేలూ ఒకే ఎత్తున నిలిస్తే సరితూగినట్టు. లెక్క తేలితే సరిపోయినట్టు. వంకర తీస్తే సరిదిద్దినట్టు. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేసిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో సరికి సమానం అన్న అర్థమూ ఉంది, తగినది అన్న అర్థమూ ఉంది. బోస్టన్‌లో ఓకే అచ్చయిన పదమూడేళ్లకు వచ్చిన నిఘంటువు అది. ఆయన తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది మద్రాసులో, ఆ తరువాత ఉద్యోగం చేసింది కడపలో. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిసింది.

సరికి 'ఏ' అనే అవధారణ చేరితే సరే. నీవు అడిగిందీ నేను ఇవ్వగలిగిందీ సమానంగా తూగాయి అన్నదే అందులోని లోపలి అర్థం. ఒకరి మాటకు ఇంకొకరు తలొగ్గడం ఇందులో లేదు. పశువుల సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని సాగే పాత బేరాన్ని చూసినవారికి ఇది బాగా తెలుస్తుంది. వేలి మీద వేలు నొక్కుతూ ఒకరు పైకి, ఇంకొకరు కిందికి లాగి, ఇద్దరి లెక్కా ఒకచోట కలిసినప్పుడు బయటికి వచ్చే మొదటి మాట సరే. కుప్పం దగ్గర సరిహద్దుల మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. సరిహద్దులో కనిపించే సరి ఈ సరి కాదు. అది పారసీ 'సర్‌హద్'. తెలుగు నోటికి సరి అలవాటైన మాట కావడం వల్ల సర్ కాస్తా సరి అయింది.

ఒప్పు అనే మాటదీ ఇలాంటి కథే. తమిళంలో ఒప్పు అంటే పోలిక, సాటి. కన్నడంలో ఒప్పు అంటే అంగీకరించు. తెలుగులో పాత కావ్యాలు చదివితే ఒప్పు అంటే అందం, తగి ఉండటం. చెవులకు పోగులు ఒప్పాయి అంటే నప్పాయి, మెరిశాయి అని. ఒప్పుల కుప్ప అంటే అందాల రాశి. ఆ అందం నుంచి 'తప్పొప్పులు'లోని సరైనది అన్న అర్థమూ, దాన్నుంచి 'ఒప్పుకొను' అన్న అర్థమూ వచ్చాయి. ఇవాళ ఒప్పుకున్నాడు అన్నప్పుడు అందం గుర్తుకు రాదు. నేరం ఒప్పుకున్నాడు, అప్పు ఒప్పుకున్నాడు అంటాం. ఆక్సెప్టబుల్ నడిచిన దారీ ఇదే. ఇష్టమైనది, తగినది అన్న మాటలు ఒప్పుకోలులోకి వచ్చేసరికి మెరుపు తగ్గించుకుని పనిమాటలవుతాయి.

సంస్కృతం నుంచి వచ్చిన రెండు మాటల్ని కూడా ఇక్కడ చూడాలి. సమ్మతి అంటే ఒకే మతి, ఒకే ఆలోచన. అంగీకారం అంటే తన అంగంగా చేసుకోవడం. ఎదుటివారి మాటను తన ఒంట్లో భాగం చేసుకోవడం ఎంత పెద్ద పని! కాగితాల మీద 'ఇందుమూలముగా అంగీకరించడమైనది' అని రోజూ రాసేవారికి ఆ పెద్దతనం తెలియకపోవడం సహజమే. వాడుక మాటను అరగదీస్తుంది.

ఈ సీమలో ఒప్పుకోలుకు ఇంకొక జాతి మాటలున్నాయి. అవి 'అగు' ధాతువు సంతానం. తెలుగులో 'కానీ', 'అట్లే కానీ'. కన్నడంలో 'ఆగలి', 'ఆయ్తు'. తమిళంలో 'ఆగట్టుం'. మూడింటికీ అర్థం అలా జరగనీ, జరిగింది అనే. సరేలో ఇద్దరి మధ్య తూకం ఉంటే, కానీలో కాలం మీద భారం వేయడం ఉంది. అందుకే పెద్దలు ఒక పని మీద పూర్తి ఇష్టం లేకపోయినా, అడ్డుపడదలచుకోనప్పుడు "అట్లే కానీలే" అంటారు. ఆ చివరి 'లే' చాలా పనిచేస్తుంది. 'సరే'కూ 'సరేలే'కూ ఉన్న తేడా కుటుంబాల్లో అందరికీ తెలిసిందే. సరే అంటే ఒప్పుకున్నట్టు. సరేలే అంటే ఇక వాదించను అన్నట్టు. సరిపోవడం నుంచి సరిపెట్టుకోవడం దాకా వెళితే సరి కూడా ఓకే దిగిన మెట్లే దిగింది. ఇంకో విశేషం, ఈ 'లే'ను తెలుగు వాళ్లు ఓకేకు కూడా తగిలించారు. 'ఓకేలే' అన్నదానికి ఏ ఇంగ్లీషు నిఘంటువూ అర్థం చెప్పలేదు, మదనపల్లె బస్టాండులో పదేళ్ల పిల్లవాడు చెబుతాడు.

ఇన్ని మాటలు కిందికి దిగుతుంటే ఒక మాట మాత్రం పైకెక్కింది. అది 'పర్వాలేదు'. పర్వా అనేది పారసీ మాట, ఉర్దూ ద్వారా వచ్చింది. లెక్కచేయడం, చింతించడం అని అర్థం. దానికి మన 'లేదు' చేర్చుకుని తెలుగు పర్వాలేదు అంది. కన్నడం పరవాగిల్ల అంది, తమిళం పరవాయిల్లై అంది. మూడు భాషలూ ఒక పరాయి మాటను తెచ్చుకుని, తమ సొంత నిషేధాన్ని దానికి తోకగా కట్టుకోవడం ఎంత ముచ్చటైన పోలిక! మొదటి అర్థం చింత లేదు అని. కాలు తొక్కిన మనిషి క్షమాపణ చెబితే "పర్వాలేదు" అనడం అదే. తరువాత అది వస్తువుకూ మనిషికీ విశేషణం లాగా అంటుకుంది. "పంట పర్వాలేదు", "పిల్లోడు చదువులో పర్వాలేదు". అంటే మరీ బాగా లేదు, చింతపడాల్సినంతా లేదు. ఓకే నిలిచిన మెట్టే ఇది.

అక్కడితో ఆగకుండా పర్వాలేదు ఇంకా పైకెక్కింది. గొంతు కొంచెం సాగదీసి "పర్వాలేదే!" అంటే అది మెచ్చుకోలు. ఇంత బాగా చేస్తావనుకోలేదు అన్న ఆశ్చర్యం అందులో ఉంటుంది. తమిళంలో పరవాయిల్లైయే అన్నా ఇదే ధ్వని. చింత లేదు అన్న నిషేధం నుంచి మెప్పు దాకా ఎక్కడం వెనుక ఒక సామాజిక కారణం కనిపిస్తుంది. ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందనీ, పిల్లల తల తిరుగుతుందనీ భయపడే ఇళ్లలో పెద్దలు నోరారా బాగుంది అనరు. ఆ అణచిపెట్టిన మెప్పంతా చిన్న మాటలోకి చేరుతుంది. అందుకే మార్కుల కాగితం చూసి తాత "పర్వాలేదే" అంటే మనవడు దాన్ని పండగలా దాచుకుంటాడు. 'ఓకే'కు తెలుగులో ఈ ఎత్తు ఇంతవరకూ దొరకలేదు. "ఓకేనే" అంటే అంత మెప్పు వినిపించదు.

ఒప్పుకోలులో మాటకున్న అర్థంతో పాటు చెప్పేవాడి స్థానం కూడా పలుకుతుంది. పుంగనూరు ఒకప్పుడు జమీందారీ. కుప్పం ఉన్నది కంగుంది జమీందారీలో. జమీందారుల ముందు ఒప్పుకోలు మాట సరే కాదు, 'చిత్తం'. చిత్తం అంటే మనసు, తమ మనసు ఎలా ఉంటే అలా అని. అందులో చెప్పేవాడి ఇష్టాయిష్టాలకు చోటే లేదు. రెండు పళ్లేలూ సమానమైతేనే సరే అనాలి, దొర ముందు ఆ తూకం ఎక్కడిది? 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక జమీందారీలు పోయాయి. వాటితో పాటు చిత్తం కూడా రోజువారీ మాటల్లోంచి పోయి, నాటకాల్లోనూ సినిమాల్లోనూ మిగిలింది.

ఆ ఖాళీని పూర్తిచేసిన మాటల్లో ఓకే ఒకటి. మదనపల్లెకు ఇంగ్లీషు కొత్త కాదు. 1915లో అనీబిసెంట్ పేరుతో దివ్యజ్ఞాన కళాశాల వచ్చింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించాడు. కానీ ఓకే ఏ కళాశాల చెబితేనో నాటుకునే మాట కాదు. సినిమా, రైలు, ఆఫీసు, బెంగళూరు ఉద్యోగం, చేతిలో ఫోను దాన్ని ఇంటింటికీ చేర్చాయి. దానికొక సుగుణం ఉంది. పెద్దా చిన్నా తేడా దానికదిగా మోయదు. తెలుగు వాళ్లే ఆ తేడాను బయటి నుంచి తగిలించారు. అధికారికి "ఓకే సార్", తెలిసిన పెద్దాయనకు "ఓకేన్నా", స్నేహితుడికి "ఓకే రా". కోస్తాలో "ఓకే అండి" ఎక్కువ. ఈ సీమలో అండి వాడకం తక్కువ కాబట్టి గౌరవమంతా సార్, అన్నా, అక్కా, స్వామీ అనే పిలుపుల మీద నిలబడుతుంది.

సరే, ఓకే ఒకదాన్నొకటి తోసేయలేదు. పని పంచుకున్నాయి. ఫోను మాట్లాడి పెట్టేసే ముందు "సరే, ఓకే, ఉంటా" అని మూడూ వరసగా అనడం అందరికీ అలవాటే. అక్కడ సరే మాటకు ఒప్పుకోలు. ఓకే సంభాషణ ముగిసిందన్న గుర్తు. టమోటా మార్కెట్లో ధర విన్న రైతు గొంతులో వచ్చే సరేలో ఒక నిర్ణయం ఉంటుంది. తరువాత లారీ బయలుదేరిందా అని ఫోనులో అడిగితే వచ్చే ఓకేలో సమాచారం ఉంటుంది. నిర్ణయానికి సొంత మాటనూ, సమాచారానికి అరువు మాటనూ వాడుకోవడం ఎవరూ నేర్పిన నియమం కాదు.

కంప్యూటరు తెర మీదికి ఓకే చేరిన తీరు కూడా ఈ కథలోదే. 1980ల మొదట్లో ఆపిల్ కంపెనీ లీసా అనే కంప్యూటరును తయారు చేస్తూ, ఆజ్ఞను ఖాయం చేసే మీట మీద మొదట 'డూ ఇట్' అని రాసింది. పరీక్షించినవారు ఆ రెండు మాటల్నీ కలిపి 'డోల్ట్' అని, అంటే మొద్దు అని చదువుకుని నొచ్చుకున్నారు. దాంతో ఆ చోట ఓకే అని పెట్టారు. ఆ మీట ఆ తరువాత ప్రపంచంలోని తెరలన్నిటి మీదికీ వచ్చింది. ఫోనులో భాషను తెలుగుకు మార్చుకుంటే అదే మీట మీద ఇప్పుడు కనిపించే అక్షరాలు 'సరే'.